ఒకే కార్డు మీద ఇద్దరం

సగం సగం తిందామన్నది నేను. అమ్మ కాదు. నాయిన, డాక్టరు, మా గల్లీ మొత్తం ఇప్పటికీ అది అమ్మ తెలివితక్కువ పని అనే అనుకుంటారు. అమ్మ అలాగే అనుకోనిచ్చింది. ఆ రోజు నా డైరీలో కూడా "అమ్మ గోలీ కత్తిరించింది" అని మాత్రమే రాసి ఉంది. అబద్ధం కాదు. కత్తెర పట్టుకున్నది అమ్మే.

మా ఇల్లు ఈ మరాఠీ ఊళ్ళో తెలుగువాళ్ళుండే జోడ్‌భావి పేట్‌లో, సాంచెల కార్ఖానా గోడకు ఆనుకుని ఉన్న వరస ఇళ్ళ చాళ్‌లో. రెండు గదులు. ఆ గోడ అవతల నాయిన సాంచె మీద, అంటే కరెంటు మగ్గం మీద, టవళ్ళు నేస్తాడు. కరెంటు పోయి సాంచెలు ఆగితే ఇంట్లో అందరం ఒక్కసారి గొంతు తగ్గిస్తాం. అంతవరకూ అరుచుకుంటూ మాట్లాడుతున్నామని అప్పుడే తెలుస్తుంది. నేను ఎప్పుడూ అరవలేదు కాబట్టి నా మాట ఎవరికీ సరిగ్గా వినపడేది కాదు. బడిలో హాజరు పలికినా టీచరు రెండుసార్లు తల ఎత్తి చూసేది.

అమ్మ బీడీలు చుట్టేది. నేనూ చుట్టేదాన్ని. బీడీ కార్ఖానా ఇచ్చే కార్డు మాత్రం అమ్మ పేరు మీద ఒక్కటే. మా వైపు ఇది వింత కాదు. ఒక్క కార్డు వెనుక తల్లి, కూతురు, కోడలు, ఎన్ని జతల చేతులైనా ఉండొచ్చు. కార్డు మీది ఫోటోలో ఉన్న మనిషి ఒక్కతే అన్నీ చుట్టినట్టు కార్ఖానాలో రాసుకుంటారు. అమ్మకు జ్వరం వస్తే ఆ వారం బీడీలన్నీ నావి. నాకు పరీక్షలుంటే అన్నీ అమ్మవి. అమ్మ చుట్టిన బీడీ కొంచెం బిగుతుగా ఉంటుంది, నాది కొంచెం వదులు. తీసుకునే గుమాస్తాకు ఆ తేడా తెలుసు. ఎప్పుడూ అడగలేదు. ఒకరి పేరు మీద ఇద్దరం నడవడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అలవాటు. తర్వాత జరిగినదంతా ఆ అలవాటులోంచే వచ్చింది.

ఏడేళ్ళ కిందట ఒక రక్త పరీక్షలో అమ్మకు హెపటైటిస్ బి ఉందని తేలింది. లివర్‌లో చేరిన వైరస్, పూర్తిగా పోదు, మందుతో అణిచి పెట్టాలి అన్నాడు అప్పటి డాక్టరు. రోజుకు ఒక చిన్న గోలీ రాశాడు, లామివుడిన్. ఆ బీడీ కార్డు చూపిస్తే బీడీ కార్మికుల దవాఖానాలో నెలకు సరిపడా ఇచ్చేవారు. అమ్మ తన రోగం పేరు ఇంటి గడప దాటనివ్వలేదు. అది రక్తంతో అంటుకునేదే తప్ప గిన్నెలతో, గ్లాసులతో అంటుకోదని డాక్టరు చెప్పాడు. ఆ మాట గల్లీకి ఎవరు చెప్పాలి? అడిగినవాళ్ళకు యాసిడిటీ గోలీ అని చెప్పేది.

వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు చేటలు ముందేసుకుని బీడీలు చుడుతుంటే అమ్మ గోలీ వేసుకోవడం ఒకసారి పక్కింటి అత్త చూసింది. ఆమె మాకు చుట్టం కాదు, గల్లీలో పిల్లలందరికీ అత్తే.

"నాగ్గూడ ఒకటియ్యే. పొద్దుగాల్నుంచి కడుపుల ఒకటే మంట."

"నీకు పడదక్కా. గరమ్ ఉంటది."

"నీకు పడ్డది నాకెందుకు పడదే? నీ కడుపేమన్న పట్టుబట్టనా, నాది గోనె సంచా?"

"నీ మంట కడుపుల లేదక్కా, నోట్ల ఉన్నది. కోడల్ని తిట్టుడు రెండ్రోజులు బంద్ చెయ్యి, అదే తగ్గుతది."

అందరూ నవ్వారు. అత్త తంబాకు చేతితోనే అమ్మ వీపు మీద ఒకటి చరిచింది. అమ్మ కూడా నవ్వుతూనే గోలీల డబ్బాను చేట కిందికి తోసింది. నేను తల వంచుకుని చుడుతున్నాను. నా వేళ్ళలో ఉన్న ఆకు చిరిగిపోయింది.

ఇంట్లో వాళ్ళకు కూడా పరీక్ష చేయించమని డాక్టరు ఏళ్ళ తరబడి చెప్పాడు. నాయినకు చేయించింది, ఏమీ లేదు. నాకు చేయించడానికి మాత్రం అమ్మకు ధైర్యం చాలలేదు. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చిన ఎండాకాలంలో అన్నం సయించక నీరసపడ్డాను. అప్పుడు తీసుకుపోయింది, ఊరికి రెండో చివర, మావాళ్ళెవరూ రాని ఒక ల్యాబుకు. కాగితం మీద నాకూ అదే వచ్చింది. పుట్టినప్పుడే తల్లి నుంచి వచ్చి ఉంటుంది, పెద్ద డాక్టరుకు చూపించి ఇంకా కొన్ని పరీక్షలు చేయించుకోండి అన్నాడు ల్యాబు అతను. అమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. బస్సులో కిటికీ వైపు తిరిగి, "నేనే పెట్టిన నీకు" అంది. అంతే. నీరసం పది రోజుల్లో తగ్గిపోయింది. ఆ మాట పోలేదు.

మా దవాఖానాలో పేర్లు గట్టిగా పిలుస్తారు. చీటీలు రాసే అతను మా వెనుక గల్లీలోనే ఉంటాడు. నా పేరుతో ఒక కాగితం పుట్టిందంటే అది నాకంటే ముందు మా ఇల్లు చేరుతుంది.

"పెండ్లి గావాల్సిన పిల్ల. కాగితం వద్దు," అంది అమ్మ.

"మరి మందు?"

అమ్మ మళ్ళీ కత్తెర అందుకుంది. రెండు మూడు రోజులు ఆకు కత్తిరిస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. తంబాకు ఘాటు అని నాయినతో చెప్పింది. నేను చూడలేకపోయాను. నిజం చెప్పాలంటే నాకు దవాఖానాలో పేరు పిలిపించుకోవడం అమ్మ కంటే ఎక్కువ భయం. అందుకే ఆ మాట నా నోటి నుంచి అంత సులువుగా వచ్చింది.

"అమ్మా, కార్డు ఒక్కటే గదా మనకు. బీడీలు ఇద్దరం చేస్తలేమా? గోలీ గూడ అట్లనే తిందాం. సగం నువ్వు, సగం నేను."

అమ్మ చేతిలో కత్తెర ఆగింది. "పని చేస్తదా?"

"ఇద్దరిదీ ఒక్కటే రోగం గద."

ఆ ఇంట్లో పుస్తకం పట్టుకునే మనిషిని నేనొక్కదాన్నే. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న కథల పుస్తకాలు బియ్యం డబ్బా వెనుక పెట్టుకుని చదివేదాన్ని. వాటిలో ఏముందో అమ్మకు తెలియదు. చదువుతున్నాను కాబట్టి నాకు తెలుసు అనుకుంది.

మర్నాటి నుంచి తెల్లవారగానే, నాయిన స్నానానికి పోయినప్పుడు, అమ్మ ఆకులు కత్తిరించే కత్తెరతోనే గోలీని రెండు చేసేది. సరిగ్గా సగం ఎప్పుడూ అయ్యేది కాదు. పెద్ద ముక్క నాది. పొడి రాలితే వేలు తడిచేసి అద్ది, అది కూడా నా నాలుక మీద పెట్టేది. ఇద్దరం ఒకే గ్లాసు నీళ్ళు తాగేవాళ్ళం. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ సమయం నాకు ఇష్టంగా ఉండేది. రోజంతా మా మధ్య బీడీల మాటలు తప్ప వేరే మాటలుండవు. ఆ రెండు నిమిషాలు మాత్రం అమ్మ నా కోసం ఏదో చేయగలుగుతున్నానన్న నెమ్మదితో నా మొహం చూసేది. పద్నాలుగు నెలలు అలా గడిచాయి.

తర్వాత అమ్మ చేతులు నెమ్మదించాయి. మధ్యాహ్నం కాకముందే చేట పక్కకు పెట్టి గోడకు ఒరిగేది. వదులు బీడీలే ఎక్కువ కనపడుతున్నాయని గుమాస్తా మొదటిసారి నోరు తెరిచి, "మౌశీకి ఏమైంది?" అని అమ్మ గురించి అడిగాడు. ఒక రోజు వాకిట్లో అత్త అమ్మ గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పింది.

"ఏందే, కండ్లు గిట్ల పచ్చగైనయ్? పసుపు కండ్లల్ల గూడ పెట్టుకుంటున్నవా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

పాత డాక్టరు మమ్మల్ని పెద్ద ఆసుపత్రికి, లివర్ చూసే డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన మరాఠీ మనిషి. కాగితాలన్నీ వరుసగా పేర్చుకుని, చాలా ఏళ్ళు అణిగి ఉన్న వైరస్ మళ్ళీ ఎందుకు ఇంతగా పెరిగిందో తెలియాలి అన్నాడు. దానికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయట. గోలీ సరిగ్గా వేసుకోకపోవడం ఒకటి. లేదా వైరస్ రూపు మార్చుకుని ఆ గోలీకి లొంగకపోవడం.

"రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగాడు.

"ఒక్క రోజు గూడ తప్పలే సాబ్," అంది అమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు చూస్తావా రోజూ?"

నేను తల ఊపాను. చూస్తూనే ఉన్నాను కదా. వైరస్ మారిందో లేదో తేల్చే పరీక్షకు రక్తం పుణె పంపారు. జవాబు రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు.

ఆ రెండు వారాల్లో నేను కథల పుస్తకాలు తీయలేదు. లైబ్రరీలో ఒక మూల అలమారాలో మరాఠీ వైద్య పుస్తకాలుంటాయి, ఎవరూ ముట్టరు. అక్కడ నిలబడే చదివాను. వైరస్ తనలాంటి వాటిని లెక్కలేనన్ని తయారుచేసుకుంటూ పోతుంది. అలా చేసుకునేటప్పుడు తప్పులు పడతాయి. చాలా తప్పులు దానికి పనికిరావు. ఎక్కడో ఒక తప్పు వల్ల మాత్రం మందు దాన్ని పట్టుకోలేకుండా పోతుంది. మందు చాలినంత లేని చోట మిగతావి పూర్తిగా అణగవు, ఈ మారినవి మెల్లగా పైకి వస్తాయి. "చాలినంత లేని చోట" అన్న దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. లైబ్రరీ ఆయన వచ్చి, "ఏం వెతుకుతున్నావమ్మా, పరీక్షనా?" అన్నాడు. అవునన్నాను.

ఇంటికి వచ్చి అమ్మతో అన్నాను. "ఇగ నుంచి గోలీ మొత్తం నువ్వే తిను."

"మరి నీకు?"

"నాకు తర్వాత సూద్దాం."

"తర్వాత అంటే ఎప్పుడు? నా లెక్క కండ్లు పచ్చగైనంకనా?"

మర్నాడు పొద్దున మళ్ళీ కత్తెర, మళ్ళీ పెద్ద ముక్క. నేను దాన్ని మింగకుండా నాలుక కింద దాచి, పెరట్లోకి పోయి తీసి, తుడిచి, అమ్మ డబ్బాలో వేశాను. సగం కరిగి అంటుకుపోయిన ఆ ముక్క సాయంత్రానికే అమ్మ కంటపడింది.

"నేనిచ్చింది ఉమ్మేస్తవా?" అంది. కోపంగా అనలేదు. "ఒక్క రోగం ఇచ్చుడేనా నాకు చాతనయ్యేది? మందియ్యనియ్యవా?"

ఆ తర్వాత మళ్ళీ మింగాను. మింగితే అమ్మ మందు తగ్గుతుంది. మింగకపోతే అమ్మ అన్నం మానేస్తుంది. డాక్టరుకు చెబితే నా పేరుతో కాగితం పుడుతుంది, ఇదెవరి ఆలోచన అని అడుగుతారు. చెప్పకపోతే రేపు వచ్చే కొత్త మందు కూడా కత్తెర కిందికే పోతుంది. మా ఇంటికి రెండు గదులే, ఎటు పోయినా అమ్మ కనపడేది. డైరీలో ఆ రోజులకు తేదీలున్నాయి, కింద ఏమీ లేదు.

రెండోసారి పోయినప్పుడు డాక్టరు కాగితం చూసి, వైరస్ మారింది అన్నాడు. పాత గోలీ ఇక పని చేయదు. కొత్తది రాశాడు, టెనోఫోవిర్. మారిన వైరస్‌కూ ఇది పని చేస్తుంది, కానీ ఈలోగా లివర్‌కు చాలా నష్టం జరిగింది, చూడాలి అన్నాడు. ఆసుపత్రిలోనే చేర్చమన్నాడు.

"రోజుకు ఒకటి. తప్పకుండా."

అమ్మ బుద్ధిగా తల ఊపి, నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. సంచిలో కత్తెర లేదు, అంతే తేడా.

"డాక్టర్ సాబ్," అన్నాను. ఆయనకు వినపడలేదు. రెండోసారి అన్నాను. మరాఠీలో చెప్పాను. తెలుగులో అయితే నాకు నోరు వచ్చేది కాదు. నాకూ ఇదే ఉంది, పద్నాలుగు నెలలుగా ఇద్దరం ఒక్క గోలీనే పంచుకుంటున్నాం, ఇది కూడా పంచుకుంటాం, మీరు ఆపండి అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. ఇది ఎవరి ఆలోచన అని అడగనే అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ లేచి నిలబడింది. "నేనే ఇచ్చిన సాబ్. పోరికేం ఎర్క లేదు. నాకే అకల్ లేకపాయె."

తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ ఒక్క క్షణంలో ఆమె మాట కాదని ఉంటే ఈ కాగితాలు రాయాల్సిన పని ఉండేది కాదేమో. ఆయన అమ్మను తిట్టలేదు. సగం తినడం వల్లే మారిందా అంటే చెప్పలేను, ఈ పాత మందు పూర్తిగా తిన్నవాళ్ళలో కూడా కొన్నేళ్ళకు మారుతుంది, సగం తింటే దానికి దారి ఇంకా సులువు అన్నాడు. ఆ చెప్పలేను అన్న మాట పట్టుకుని ఒక్కోరోజు నిద్రపోతాను, ఒక్కోరోజు లేస్తాను.

నా రక్తం కూడా తీసుకున్నారు. చీటీ మీద నా పేరు రాశారు, బయట గట్టిగానే పిలిచారు. కూర్చున్నవాళ్ళలో ఎవరూ తల తిప్పలేదు.

అమ్మ వార్డులో ఉందని తెలిసి గల్లీ కదిలింది. రోగం పేరు ఎవరు చెప్పారో తెలియదు, అందరికీ తెలిసింది. మా ఎదురింటి ఆమె మాకు ఇచ్చిన గిన్నెను అడిగి మరీ తీసుకుపోయింది. అత్త మాత్రం జొన్నగట్క డబ్బాతో వచ్చి మంచం అంచున కూర్చుంది.

"యాసిడిటీ గోలీ అని జెప్తివి గదనే, దొంగదానా."

అమ్మ కళ్ళు మూసుకునే నవ్వింది.

"నేనొకటి అడిగితే ఇయ్యకపోతివి. గందుకేనా?" అని అత్త అమ్మ గ్లాసులోని నీళ్ళు తీసుకుని గటగటా తాగింది. మూతి తుడుచుకుని, "ఏం నీళ్ళే ఇవి, మందు వాసన," అని గొణిగింది. తర్వాత వరండాలోకి పోయి చాలాసేపు ముక్కు చీదుతూ ఉండిపోయింది.

నా పరీక్షల ఫలితం పన్నెండో రోజు వచ్చింది. డాక్టరు నన్ను ఒక్కదాన్నే పిలిచాడు.

"నీకు ఈ మందు ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు."

ఆయన కాగితాన్ని నా వైపు తిప్పాడు. వైరస్ ఉన్న ప్రతివాళ్ళకూ మందు అవసరం ఉండదు అన్నాడు. నా లివర్ బాగుంది. నాకు ఇప్పుడు మందు అక్కరలేదు, ఆ రోజు కూడా అక్కరలేకపోయి ఉండవచ్చు. ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటూ ఉంటే సరిపోయేది. మధ్యలో మందు తిని మానేస్తున్నాను కాబట్టి కొన్నాళ్ళు నెలనెలా రావాలి, వదిలేయకూడదు. "అర్థమైందా?" అని అడిగాడు. అర్థమైందన్నాను.

వార్డుకు, ఆ గదికి మధ్య ఒక పొడుగాటి వరండా ఉంది. దాని మీద నడుస్తూ, పద్నాలుగు నెలలు నేను తిన్న పెద్ద ముక్కలన్నీ అమ్మ ఒంట్లో ఉండాల్సినవి అని ఒక్కటే అనుకుంటున్నాను. మంచం దగ్గరికి వచ్చాక కూడా ఆ అనుకోవడం ఆగలేదు. నాయిన షిఫ్టుకు పోయాడు. అమ్మ కడుపు నీటితో ఉబ్బి, దుప్పటి కింద ఎత్తుగా ఉంది. కొత్త మందు పన్నెండు రోజులుగా పూర్తిగా పడుతోంది. దాని పని అది చేస్తోంది, లివరే లేవడం లేదు అన్నారు.

అది మంగళవారం మధ్యాహ్నం. బుధవారం నుంచి అమ్మకు మనుషులు తెలియలేదు. ఆదివారం పోయింది. మధ్యలో రెండుసార్లు నాయినను పిలిచింది, నన్ను పిలవలేదు. అందుకే నా వరకు మిగిలింది ఆ మంగళవారమే.

"డాక్టర్ నీ కాగితం జూసిండా?" అంది.

"జూసిండు."

"ఏమన్నడు?"

కాగితం నా చేతిలోనే ఉంది. ఆమెకు చదువు రాదు.

"లివర్ మంచిగున్నదన్నడమ్మా."

"ఖరేనా? నిజంగనా?"

"ఖరే."

ఆ మాట విని అమ్మ ఎంతసేపు నా మొహం చూసిందో చెప్పలేను. తర్వాత చెయ్యి ఎత్తబోయి, లేవక, వేళ్ళు మాత్రం దుప్పటి మీద కదిలించి అంది:

"సగం గోలీకే గింత మంచిగైతే, ఇగ నిండు గోలీ తింటే నీకేం గాదు, పో."